తెలుగు చెవితో మలయ్ మాటలు

కౌలాలంపూర్‌లో ఒక ఉదయం. మేం దిగిన వీధి చివర ఒక తిండి బండి. మా అమ్మా నేనూ అక్కడ నిలబడ్డాం. బండి నడిపే పెద్దావిడ అరిటాకుల్లో అన్నం పొట్లాలు కడుతూనే తలెత్తి, "దా మాకన్?" అని అడిగింది. మాకన్ అంటే తినడమని అప్పటికే తెలుసు. తిన్నారా అని అడుగుతోందన్నమాట. మనూళ్లో ఎవరింటి గుమ్మం తొక్కినా ముందు వినపడే మాటే అది. సంతోషమేసింది. కానీ జవాబుకి నా దగ్గరున్నది ఒకటే మాట, "తిదాక్". పుస్తకంలో "నో"కి ఎదురుగా రాసి ఉన్నది అదే. అదే అన్నాను.

ఆవిడ చేతిలోని పొట్లం పక్కన పెట్టి, నా వంక చూసి, "బెలుమ్" అంది. పలక మీద అక్షరం దిద్దించే పంతులమ్మలా ఇంకోసారి, విడదీసి, "బె-లుమ్" అంది. నేను తిరిగి పలికాక గానీ పొట్లం చేతికివ్వలేదు.

గదికొచ్చాక తేడా తెలుసుకున్నాను. తిదాక్ అంటే తిననని. బెలుమ్ అంటే ఇంకా తినలేదని. అమ్మకి చెబితే, "దానికి పుస్తకమెందుకు? తినను వేరు, తినలేదు వేరు కదా!" అంది. ఆవిడ చెప్పింది నిజం. నేను మలయ్ మాటని ఇంగ్లిష్ మీదుగా తెచ్చుకున్నాను. ఇంగ్లిష్‌లో అన్నిటికీ ఒకే "నో" సరిపోతుంది కాబట్టి నా దగ్గరా ఒకటే మిగిలింది. తెలుగు మీదుగా వెళ్లి ఉంటే ఆ తేడా నాకు ముందే తెలిసేది.

మలేషియాకో, సింగపూర్‌కో, బ్రూనైకో వెళ్లే తెలుగువాళ్ల కోసం ఈ వ్యాసం. ఆ ఊళ్లలో ఇంగ్లిష్‌తో పని జరిగిపోతుంది, కాదనను. అయినా ఆ దేశపు మాట నాలుగు ముక్కలు వస్తే ఎదుటి మనిషి ముఖం మారిపోతుంది. ఆ నాలుగు ముక్కలకి తెలుగులోంచి మంచి దారి ఉంది.

పలకరింపుతోనే చూడండి. "అపా ఖబర్?" అంటే ఎలా ఉన్నారని. అపా అంటే ఏమిటి. ఖబర్ అరబ్బీ మాట. మన "కబురు" కూడా ఆ అరబ్బీ మాటే, ఇంకో దారిన వచ్చి మన ఇంట్లో స్థిరపడింది. అంటే వాళ్లు అడుగుతున్నది అక్షరాలా "ఏం కబురు?" అనే. జవాబు "ఖబర్ బాయిక్", మంచి కబురే. క్షమించమనడానికి "మాఅఫ్" అంటారు. రుణమాఫీలోని మాఫీకి అది దగ్గరి చుట్టం. సంతని "పాసార్" అంటారు, పారశీకపు బజారే అది. రాత్రి సంత "పాసార్ మాలమ్". పొద్దున్న "సెలామత్ పాగి", మధ్యాహ్నం ఎండ దిగాక "సెలామత్ పెతాంగ్". ఈ సెలామత్ మన సలాముకి తోబుట్టువు, క్షేమమని అర్థం.

కృతజ్ఞతకి "తెరిమా కాసిహ్". తెరిమా అంటే అందుకోవడం, కాసిహ్ అంటే ప్రేమ. ప్రేమను అందుకున్నాను అన్నట్టు. ఎదుటివారు "సామా సామా" అంటారు, మీకూ అంతే అని. రోజుకి పదిసార్లు వాడినా అరగని మాట ఇది.

ఇక కాదనే మాటలు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఆగుదాం.

తెలుగులో కాదు, లేదు, వద్దు మూడూ మూడు దారులు. ఒకదాని చోట ఇంకోటి పడితే పసిపిల్లలు కూడా నవ్వుతారు. మలయ్‌లోనూ అంతే. "ఇది కాఫీయా?" "కాదు, టీ." ఈ కాదుకి "బుకాన్". వస్తువునో మనిషినో ఇది అది కాదని చెప్పేది ఇదే. "చిల్లర ఉందా?" "లేదు." ఈ లేదుకి "తాక్ అదా". అదా అంటే ఉంది, తాక్ అనేది తిదాక్‌కి వాడుకలో పొట్టి రూపం. "ఇంకొంచెం వెయ్యమంటారా?" "వద్దు." ఈ వద్దుకి "తాక్ నాక్", కాస్త మర్యాదగా "తాక్ మాహు". అదే వద్దుని ఎదుటివాళ్లు ఏదో చేస్తుంటే ఆపడానికి వాడితే మాట మారిపోతుంది, "జాంగన్". పిల్లవాడు రోడ్డు మీదికి ఉరకబోతే తల్లి వేసే కేక అది. ఇంకా కాలేదు, ఇంకా రాలేదు అనే చోట బండి పెద్దావిడ నేర్పిన "బెలుమ్". పెళ్లయిందా అని అడిగితే పెళ్లికానివాళ్లు తిదాక్ అనరు, బెలుమ్ అంటారు. రేపెప్పుడో అవుతుందన్న ఆశ ఆ మాటలోనే ఉంది. చివరగా "తాక్ అపా". మన "ఫర్వాలేదు"కి ఇంతకన్నా సరిపోయే మాట ఇంకో భాషలో నాకు కనపడలేదు. ఎవరైనా కాలు తొక్కి మాఅఫ్ అంటే, మీరు తాక్ అపా అనండి.

వీలవుతుందనడానికి ఒక్క మాట సరిపోతుంది, "బొలెహ్". అవుతుంది, కుదురుతుంది, చెయ్యొచ్చు అన్నీ అదే. ఇక్కడ కూర్చోవచ్చా, కార్డు చెల్లుతుందా, ఫొటో తీసుకోనా? చూపించి "బొలెహ్?" అంటే చాలు. "బొలెహ్" అన్నారంటే పని అయినట్టే, "తాక్ బొలెహ్" అంటే కుదరదన్నట్టు. మనం మాట చివర "ఆ" చేర్చి ప్రశ్న చేస్తాం కదా, పద్ధతిగా మాట్లాడేటప్పుడు వాళ్లు "కాహ్" చేరుస్తారు. బొలెహ్‌కాహ్? కుదురుతుందా? ఇక ఊరంతా వినపడే "లా" ఉంది. దాని పని మన "లే" చేసే పనికి దగ్గరగా ఉంటుంది. "బొలెహ్‌లా" అంటే "అవుతుందిలే". దీన్ని మాత్రం కొత్తవాళ్లు ప్రతి మాటకీ తగిలించకపోతేనే నయం. ఎక్కడ పడాలో చెవికి తెలిశాకే నోటికి రావాలి.

సాయం అడగడానికి "తోలోంగ్" ముందు పెట్టండి. రండి, కూర్చోండి అని ఆహ్వానించే చోట "సీలా". ఇంగ్లిష్‌లో రెండూ "ప్లీజ్" కాబట్టి పుస్తకాలు ఈ రెంటినీ కలిపేస్తాయి. మీకు పని కావాలంటే తోలోంగ్, ఎదుటివారికి మర్యాద చెయ్యాలంటే సీలా.

మనుషుల్ని పిలవడం దగ్గరికొస్తే తెలుగువాడికి అక్కడ పరాయితనమే అనిపించదు. మలయ్‌లో "నువ్వు, మీరు"లకి నాలుగైదు మాటలున్నాయి గానీ, పెద్దవాళ్ల ముందు వాటిలో ఏదీ పూర్తిగా నప్పదు. "ఆందా" అనేది ప్రకటనల్లో, ఫారాల్లో కనిపించే మీరు. "ఆవాక్" ఈడువాళ్ల మధ్య పర్లేదు. అందుకే జనం వరసలు పెట్టి పిలుస్తారు. మీకన్నా కొంచెం పెద్దవాడైన డ్రైవరో దుకాణదారో అయితే "ఆబాంగ్", పొట్టిగా "బాంగ్", అంటే అన్న. ఆడమనిషైతే "కాకాక్", పొట్టిగా "కాక్", అంటే అక్క. తెలంగాణలో బాబాయిని కాకా అని పిలిచే అలవాటున్నవాళ్లు మొదటిరోజు కాస్త తడబడతారు. చిన్నవాళ్లు "ఆదిక్". తండ్రి ఈడువాళ్లు "పాక్ చిక్", తల్లి ఈడువాళ్లు "మాక్ చిక్", మన బాబాయ్, పిన్ని లాగా. ఈడు సరిగా తెలియకపోతే ఆడవాళ్లని మాక్ చిక్ అనకుండా కాక్ అనడమే మేలు. ఆఫీసుల్లో, బ్యాంకుల్లో మగవాళ్లకి "ఎన్‌చిక్", ఆడవాళ్లకి "పువాన్". చైనా సంతతి పెద్దలని అంకుల్, ఆంటీ అంటారు. హోటల్లో ఎవరినైనా "బాస్" అని పిలవడం అక్కడ మామూలే.

"మీరు" అనాల్సిన చోటా ఆ వరసే వస్తుంది. "మాక్ చిక్ నాక్ పెర్గి మానా?" అంటే "పిన్నిగారు ఎక్కడికి వెళ్తున్నారు?" ఎదురుగా ఉన్న మనిషినే అలా అడుగుతారు.

ఇంకొక పోలిక చెప్పకుండా ముందుకెళ్లలేను. మనకి "మేము" ఉంది, "మనం" ఉంది. వినేవాణ్ని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లిష్‌లో, హిందీలో ఈ తేడా లేదు. మలయ్‌లో ఉంది. "కామి" అంటే మేము, "కీతా" అంటే మనం. "కామి దా మాకన్" అంటే మేం తిన్నాం. "కీతా మాకన్?" అంటే మనం తిందామా, అంటే మిమ్మల్నీ రమ్మంటున్నారని. ఇంగ్లిష్‌వాళ్లు దీన్ని నేర్చుకోవాలి. మనకి గుర్తుచేస్తే చాలు.

అన్నీ మనలాగే ఉంటాయని అనుకోవద్దు. వాక్యం మనకి తిరగబడి ఉంటుంది. "సాయా నాక్ మాకన్ నాసి", నేను-కావాలి-తినడం-అన్నం. విశేషణం వెనక్కి పోతుంది. వేడినీళ్లు "ఆయెర్ పానాస్", నీళ్లు వేడి. క్రియలకి కాలం లేదు. వెళ్లాను, వెళ్తాను రెండూ "పెర్గి" అనే. నిన్న, రేపు అనే మాటలు పక్కన చేరిస్తే సరి. నిన్న "సెమాలమ్", రేపు "ఏసోక్". అయిపోయింది అనడానికి "సుదాహ్", వాడుకలో "దా". క్రియారూపాల బెడద లేకపోవడం ప్రయాణికుడికి పెద్ద వరం.

తిండి దగ్గర మాత్రం మాట పొరపాటైతే ముద్ద నోట్లోకి పోదు. ఆ పెద్దావిడ ఇచ్చిన పొట్లం "నాసి లెమాక్", కొబ్బరిపాలతో వండిన అన్నం. అమ్మ శాకాహారి. విప్పి చూస్తే దోసకాయ ముక్కలు, వేరుశనగ పప్పులు, సగం గుడ్డు, ఎర్రటి "సంబాల్" పచ్చడి, పక్కన కరకరలాడే చిన్న ఎండు చేపలు. ఆ చేపలే "ఈకాన్ బిలిస్". గుడ్డూ చేపా తీసేసి తినొచ్చు కదా అనుకుంటాం. కానీ సంబాల్‌లో చాలాచోట్ల "బెలాచన్" నూరుతారు. అది రొయ్యల్ని పులియబెట్టి, ఎండబెట్టి చేసే ముద్ద. కూరల్లో, ఆకుకూర వేపుళ్లలో కూడా పడుతుంది, కంటికి కనపడదు. అందుకని "దాగింగ్ తాక్ నాక్", మాంసం వద్దు, అని చెబితే చాలదు. దాగింగ్ అంటే అక్కడ ఎక్కువగా గొడ్డు మాంసమనే అనుకుంటారు. చేప, కోడి అందులో లెక్క కాదు. విడివిడిగా చెప్పాలి. "సాయా తాక్ మాకన్ ఆయమ్, ఈకాన్, ఉదాంగ్, తెలుర్", నేను కోడి, చేప, రొయ్య, గుడ్డు తినను. తర్వాత "అదా బెలాచన్?" అని అడగాలి, బెలాచన్ ఉందా అని. కూరగాయలు "సాయుర్". మేక మాంసం "కాంబింగ్", ఎద్దు "లెంబు", పంది "బాబి". ఈ మూడు పేర్లూ తెలిసి ఉంటే తినేవాళ్లకీ తిననివాళ్లకీ మంచిదే. ఆ రోజు అమ్మ కొబ్బరన్నం, దోసకాయ, పప్పులు తిని "బాగుంది" అంది. బాగుందనడానికి "సెదాప్".

టీకొట్టు దగ్గర ఇంకో చిన్న శాస్త్రం ఉంది. ఉత్త "తెహ్" అంటే గట్టిపాలు, చక్కెర కలిపిన తియ్యటి టీ వస్తుంది. "తెహ్ ఓ" అంటే పాలు లేకుండా, చక్కెరతో. "తెహ్ ఓ కోసోంగ్" అంటే రెండూ లేకుండా. కోసోంగ్ అంటే ఖాళీ. ఫోన్ నంబరు చెప్పేటప్పుడు సున్నాకి కూడా కోసోంగ్ అంటారు. ఏమీ పెట్టని రొట్టె "రోతి కోసోంగ్", మంచినీళ్లు "ఆయెర్ కోసోంగ్". తీపి తగ్గించమనడానికి "కూరాంగ్ మానిస్". చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు ఈ రెండు మాటలూ కంఠతా పట్టాలి, అక్కడి తీపి అలాంటిది. "తెహ్ తారిక్" తెప్పించుకుని కాసేపు నిలబడి చూడండి. మనిషి రెండు చేతుల్లో రెండు పాత్రలు పట్టుకుని, ఒకదాన్ని తలెత్తుకి లేపి, టీని సన్నటి తాడులా కిందికి సాగదీస్తాడు. ఇక్కడ మనవాళ్లు ఇరానీ చాయ్‌కి ఎంత శ్రద్ధ పెడతారో అంత శ్రద్ధ. తారిక్ అంటే లాగడం. తర్వాత ఏ దుకాణం తలుపు మీద చూసినా అదే మాట రాసి ఉంటుంది. "తారిక్" అంటే లాగండి, "తోలాక్" అంటే తోయండి. టీకొట్టు నేర్పిన మాట తలుపు తెరుస్తుంది. కారం వద్దంటే "తాక్ నాక్ పెదాస్", పొట్లం కట్టమంటే "బుంగ్‌కుస్", లెక్క చెప్పమంటే "కిరా, బాంగ్". డబ్బులు కుడిచేత్తోనే ఇవ్వండి, ఆ పట్టింపు మనకీ ఉన్నదే. దారి చూపేటప్పుడు వాళ్లు చూపుడు వేలు వాడరు, వేళ్లు ముడిచి బొటనవేలితో చూపిస్తారు. మనుషుల వైపు వేలు చూపడం మోటుగా ఉంటుంది.

మలయ్‌ని ఇప్పుడు ఎక్కువగా రోమన్ లిపిలో రాస్తారు. బోర్డులు చదవడం కష్టం కాదు గానీ ఇంగ్లిష్ ఉచ్చారణ పక్కన పెట్టాలి. "సి" అక్షరం ఎప్పుడూ చ. ఇంగ్లిష్‌లో గాలికి రాసే మూడక్షరాలే నీళ్ల సీసా మీద ఉంటే "ఆయెర్" అని చదవాలి, అవి నీళ్లు. మాట చివరి "క్" పూర్తిగా పలకరు, గొంతులో ఆగిపోతుంది. మనం బడిలో బలవంతంగా దిద్దిన ఙ, ఞ అక్షరాలకి ఇక్కడ నిజంగా పని ఉంది. పువ్వుని వాళ్లు "బుఙా" అంటారు, చాలా అనడానికి "బాఞాక్". సౌలభ్యం కోసం నేను చాలాచోట్ల "ంగ" రాశాను గానీ, ముక్కుతో పలికే ఆ ఙ తెలుగు నాలుకకి పరాయిది కాదు. ఇంగ్లిష్ మాటల్ని మనం చెవికి వినపడినట్టే రాసుకుంటాం కదా, వాళ్లూ అంతే. బాస్ (బస్సు), తెక్సి, తికెత్, కౌంతర్, ఫార్మాసి బోర్డులు పైకి చదివితే చాలు, అర్థమైపోతాయి. కొత్తగా నేర్వాల్సినవి కొన్నే. లోపలికి "మాసుక్", బయటికి "కెలుఆర్". మరుగుదొడ్డి "తందాస్", అది ఎక్కడుందని అడగడానికి "తందాస్ కాత్ మానా?" మగవాళ్లది "లెలాకి", ఆడవాళ్లది "పెరెంపువాన్" లేదా "వనితా". ఆగమనే ఎర్ర బోర్డు మీద "బెర్‌హెంతి". "దిలారాంగ్" అని మొదలైతే ఏదో నిషేధం. "కెచెమాసన్" అంటే అత్యవసరం. అలాంటప్పుడు మలేషియాలో ఫోన్ నంబరు 999. కుడి "కానన్", ఎడమ "కిరి", నేరుగా "తెరుస్". అర్థం కాకపోతే "సాయా తాక్ ఫాహమ్", ఒంట్లో బాగాలేకపోతే "సాయా సాకిత్".

అంకెలు గబగబా చెప్పేస్తాను. సాతు, దువా, తిగా, ఎంపత్, లీమా, ఎనమ్, తుజుహ్, లాపాన్, సెంబిలన్, సెపులుహ్. దువా వినగానే సంస్కృతపు ద్వి గుర్తొస్తుంది గానీ ఆ పోలిక కాకతాళీయమే, అది వాళ్ల సొంత మాట. ఇరవై "దువా పులుహ్", వంద "సెరాతుస్", వెయ్యి "సెరీబు". ధర ఎంతని అడగడానికి "బెరాపా హార్గా?" "మాహల్" అంటే రాజమహలు కాదు, ఖరీదెక్కువని. బేరమాడాలంటే "బొలెహ్ కూరాంగ్?" తగ్గుతుందా? మలేషియా డబ్బు పేరు రింగిట్, రంపపు అంచు అని దాని పాత అర్థం. ఒకప్పుడు అక్కడ చెల్లిన స్పెయిన్ వెండి నాణేల గరుకు అంచుల నుంచి వచ్చిన పేరు.

హార్గా అన్నానుగా, అది మన "అర్ఘ". విలువ అని. ఇలాంటి సంస్కృతపు మాటలు వందల్లో ఉన్నాయి. దొరికిన మలయ్ శాసనాల్లో కాలం స్పష్టంగా చెప్పే మొదటిది, సుమత్రాలో పాలెంబాంగ్ దగ్గరి కెదుకన్ బుకిత్ శాసనం, సామాన్య శకం 683 నాటిది. రాసింది పల్లవ లిపిలో. అప్పటి రాకపోకల్లో దిగిన మాటలే ఇప్పటికీ బోర్డుల మీద ఉన్నాయి. వాళ్ల భాషని వాళ్లు "బాహాస" అంటారు. ప్రధానమంత్రి "పెర్దానా మెంతెరి", పరిపాలనా నగరం పుత్రజాయ. ప్రమాద హెచ్చరిక మీద "బాహాయా", మన భయమే. అయితే ఇన్ని శతాబ్దాలు వేరే ఇంట్లో పెరిగిన మాటలివి, గుణం మార్చుకున్నాయి. "నెగారా" అంటే నగరం కాదు, దేశం. "దేసా" అంటే దేశం కాదు, పల్లె. "సువామి" అంటే భర్త, "ఇస్తెరి" అంటే భార్య. "కెపాలా" అంటే పుర్రె కాదు, మామూలు తలే. "ఆస్రామా" అంటే హాస్టల్. "సెంగ్‌సారా" అంటే బాధ, దాని వేరు సంసారం. "దోసా" అంటే దోషం, పాపం. హోటల్లో మన దోసె పేరు మాత్రం "తోసై" అని ఉంటుంది, అరవం దారిన వచ్చింది.

ఒక్క మాట మాత్రం విన్నా పలకవద్దు. "కెలింగ్". అది కళింగ అనే పేరులోంచి పుట్టింది. మన ఉత్తరాంధ్ర కూడా ఉన్న ఆ కళింగమే. ఒకప్పుడు సముద్రం దాటొచ్చిన వర్తకులకి మామూలు పేరుగా ఉండేది, పినాంగ్‌లోని కపితాన్ కెలింగ్ మసీదు పేరులో ఇంకా ఉంది. ఇప్పుడు అది భారత సంతతివాళ్ల మీద వేసే తిట్టు. ఆ దేశంలో మనవాళ్ల కథ చిన్నదేం కాదు. బ్రిటిష్ కాలంలో రబ్బరు, కొబ్బరి తోటల్లో పనికి తెలుగు జిల్లాల నుంచి వెళ్లిన కుటుంబాలు పెరాక్ రాష్ట్రంలోని బాగన్ దాతుక్ వైపు స్థిరపడ్డాయి. 1955 నుంచి ఆ దేశంలో తెలుగువాళ్ల సంఘం ఉంది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కౌలాలంపూర్‌లోనే. ఆ కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు, బయట మలయ్ మాట్లాడుతూ పెరిగారు. నేనిప్పుడు చెబుతున్న పోలికలన్నీ వాళ్ల నాలుక మీద ఎప్పటి నుంచో ఉన్నవే.

ఇవే మాటలతో ఇండోనేషియా వెళ్దామనుకుంటే చాలావరకు చెల్లుతాయి. రెండు దేశాలూ 1972లో ఒకే వర్ణక్రమానికి వచ్చాయి. కానీ "కెరెతా" మలేషియాలో కారు, అక్కడ రైలు. "పెర్చుమా" ఇక్కడ ఉచితం, అక్కడ దండగ. "బూదక్" ఇక్కడ పిల్లవాడు, అక్కడ బానిస. ఆ మూడో మాటని అక్కడ ఎవరి బిడ్డ గురించీ అనకండి.

వెళ్లేటప్పుడు చెప్పే మాట కూడా రెండు రకాలు. వెళ్లేవాళ్లు ఉండేవాళ్లతో "సెలామత్ తింగల్" అంటారు, క్షేమంగా ఉండండి అని. ఉండేవాళ్లు వెళ్లేవాళ్లతో "సెలామత్ జాలాన్" అంటారు, క్షేమంగా వెళ్లండి అని. తారుమారు చెయ్యకూడదు. మనం "వెళ్తాను" అనకుండా "వెళ్లొస్తాను" అన్నట్టు, మళ్లీ కలవాలనుకుంటే "జుంపా లాగి" అనాలి.

చివరి రోజు బండి దగ్గరికి మళ్లీ వెళ్లాం. "దా మాకన్?" అని అడిగింది మాక్ చిక్. ఈసారి అమ్మే ముందుకొచ్చి "బెలుమ్" అంది. ఆవిడ గుడ్డు, చేప, సంబాల్ లేకుండా కొబ్బరన్నం పొట్లం కట్టి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ "తెరిమా కాసిహ్, జుంపా లాగి" అంది. ఆవిడ కుడి అరచెయ్యి గుండె మీద పెట్టుకుని, "జాలాన్ బాయిక్-బాయిక్" అంది. మెల్లమెల్లగా, జాగ్రత్తగా వెళ్లి రండి అని.